'ఒగ్గేసినాను' అంటే లెఫ్టేనా?

పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని వరండాలో కూర్చున్నాను. పక్కింటి కిటికీలోంచి చిన్నపిల్ల గొంతు వినపడింది. రాగం తీసి మరీ చదువుతోంది. "లీవ్ మానే ఛోడ్‌నా... లెఫ్ట్ మానే ఛోడ్ దియా... లీవ్ మానే ఛోడ్‌నా..." లీవ్ అంటే వదలడం, లెఫ్ట్ అంటే వదిలేశాడు అని హిందీలో. ముందుకీ వెనక్కీ ఊగుతూ చదువుతోందని గొంతులోనే తెలుస్తోంది. నా చేతిలో కాఫీ చల్లారిపోయింది. ఎనభై దాటిన మనిషిని, పక్కింటి పిల్ల పాఠంతో నాకేం పని? అయినా ఉండబట్టలేక, "ఒట్టి ఛోడ్‌నా ఏమిటమ్మా! ఎవరికి ఛోడ్‌నా, దేన్ని ఛోడ్‌నా, అది కూడా చదువు!" అని ఇక్కణ్ణించే కేకేశాను. పిల్ల టక్కున ఆపేసింది. లోపల్నించి మా కోడలు, "మావయ్యగారూ, వాళ్ళ ట్యూషను మాస్టారు మీరు కాదండీ" అంది. నిజమే, నేను కాదు. ఆ ముక్క నాకు నేర్పినాయన వేరే ఉన్నారు. ఆయన సంగతే చెప్పాలనిపించి కాగితం తీశాను.

ఆయన పేరు అప్పలస్వామి గారు. ఈ రాయపూరు రైల్వే ఆఫీసులోనే హెడ్‌క్లర్కు. ఊరంతా ఆయన్ని బడేబాబు అనేవారు. అప్పటికి ఛత్తీస్‌గఢ్ అన్న రాష్ట్రం లేదు. మాది మధ్యప్రదేశ్. విజయనగరం నుంచి రాయపూరుకి రైలు పట్టాలు పడ్డాక, ఆ పట్టాల వెంటే మా తెలుగు వాళ్ళందరూ వచ్చిపడ్డారు. ఫైర్‌మన్లు, గాంగ్‌మన్లు, పాయింట్స్‌మన్లు, అక్కడక్కడా ఓ గార్డు. ఇంట్లో శ్రీకాకుళం యాస, గుమ్మం దిగితే హిందీ, బజారుకెళ్తే ఛత్తీస్‌గఢీ. మూడూ కలిపి కొట్టిన కలగూరగంప మా మాట. నేను ఇక్కడే పుట్టాను, ఇక్కడే మెట్రిక్ చదివాను. ఇంగ్లీషులో మా బడికల్లా ఎక్కువ మార్కులు నావే. మా నాన్న ఇంజన్ల మీద బొగ్గు కొట్టీ కొట్టీ ఊపిరి చెడి ఇంట్లో కూర్చుంటే, నాకు గుమాస్తాగా ఉద్యోగమిచ్చారు. ఆరు నెలలు పరీక్షగా చూసి, బాగుంటే ఖాయం చేస్తామన్నారు.

బడేబాబు పొట్టిగా, గుండ్రంగా ఉండేవారు. కళ్ళజోడు ఒకవైపు కాడ విరిగితే దారం కట్టి చెవికి చుట్టుకునేవారు. చదువు నాలుగో ఫారం దగ్గరే ఆగింది. డ్రైవర్ల ఇళ్ళ తలుపులు తట్టి డ్యూటీకి పిలిచే కాల్‌బాయ్‌గా చేరి, ఒక్కో మెట్టూ ఎక్కి ఆ కుర్చీలో కూర్చున్నారు. గోల్ బజారులో పాత సామాన్ల కొట్లో అట్ట ఊడిన డిక్షనరీ ఒకటి కొన్నారట. అందులో మొదటి అరవై పేజీలు లేవు. "అంచేత 'ఎ'తో మొదలయ్యే మాటలు నాకంత నమ్మకం లేదు నాయనా, నువ్వే చూసుకో" అనేవారు పకపకా నవ్వుతూ. ఆ నవ్వు చూసి నేను లోలోపల పొంగిపోయాను. నాలుగో ఫారం హెడ్‌క్లర్కు నాకేం నేర్పుతాడులే అనుకున్నాను. అహంకారం కాకపోతే ఏమిటి! మీసాలు సరిగ్గా రాకుండానే కొమ్ములొచ్చాయి నాకు.

చేరిన నెలకి మా అక్క సీమంతం వచ్చింది. రెండు రోజుల సెలవు కోసం అర్జీ రాసి బల్లమీద పెట్టాను. 'ఐ యామ్ లీవింగ్ ఫ్రమ్ మండే' అని మొదలెట్టి, అక్కణ్ణించి నాలుగు బరువైన మాటలు దట్టించాను. బడేబాబు చదివారు. కళ్ళజోడు తీసి తుడిచారు. మళ్ళీ చదివారు. తర్వాత ప్యూను బుధ్‌రామ్‌ని పిలిచి, "అరే, ఉద్యోగం కావాలని నిన్న ఒక కుర్రాడొచ్చాడు కదా, వాణ్ణి సోమవారం రమ్మను. ఇక్కడ కుర్చీ ఖాళీ అవుతోంది" అన్నారు. బుధ్‌రామ్ కంగారుగా నావైపు తిరిగి, "కా హోగే బాబూ?" అని అడిగాడు. ఏమైందో నాకు తెలిస్తే కదా!

"ఏటి నాయనా, ఉద్యోగం వదిలేస్తన్నావా, రెండ్రోజులు సెలవు కావాలా?"

"సెలవే సార్."

"మరిలా రాసేవేటి? సోమవారం నించీ నాను పోతన్నాను, ఇక రాను అన్నట్టుంది."

నా ముఖం కందగడ్డయింది. ఆయన నన్ను స్టూలు మీద కూర్చోబెట్టారు. "మన మాటే తీసుకో. పెద్దాయన నోరిప్పితే 'సెలవిచ్చారు' అంటాం. ఆయన దగ్గర్నించి బయల్దేరుతూ 'సెలవు' అంటాం. ఒంట్లో బాగోలేకపోతే 'సెలవు' పెడతాం. మూడిట్లోనూ పెద్దలొకరున్నారు, వాళ్ళ దయ ఉంది. లీవు కూడా అంతేరా. దాన్ని 'అడిగితే' అది అనుమతి. నువ్వే 'చేస్తే' అది పోవడం. అడిగేది వేరు, చేసేది వేరు. బస్, అంతే." నాలుగో ఫారం మనిషి అన్న మాట ఇది. మా ఇంగ్లీషు మాస్టారు ఆరేళ్ళలో ఒక్కసారైనా ఇలా చెప్పలేదు. అయినా నా పొగరు ఒక్కరోజులో దిగేది కాదు కదా, 'ఏదో ఈ ఒక్క మాట తెలిసింది ఈయనకి' అని సర్దుకున్నాను.

ఆ తర్వాత ఆయన నన్ను వదల్లేదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక పదినిమిషాలు మాటలతో ఆట. "నో సీట్ లెఫ్ట్ అంటే?" సీటు మిగల్లేదు సార్. "ట్రైన్ లెఫ్ట్ అంటే?" బండి వెళ్ళిపోయింది సార్. "ఒకటేమో మిగలడం, ఒకటేమో పోవడం. ఒకే మాట రెండెలా అయింది?" జవాబు కూడా ఆయనదే. "పోయేవాడు ఏదో ఒకటి మిగిల్చే పోతాడురా. అందుకని" అనేవారు. ఆయన చెప్పింది డిక్షనరీలో ఉందో లేదో నాకు ఇప్పటికీ తెలీదు. లెఫ్ట్ ఔట్ వేరు, లెఫ్ట్ విత్ వేరు, లెఫ్ట్ బిహైండ్ వేరు. "వెనకాలొచ్చే చిన్నముక్క బండికి గార్డులాంటివాడు. గార్డు లేకుండా బండి పంపిస్తే ఎక్కడ తేలుతుందో ఎవడికీ తెలీదు" అని బల్ల మీద వేళ్ళతో కొట్టి చెప్పేవారు. ఆఫీసులో మిగతావాళ్ళు, "బడేబాబు పాఠశాల మొదలయింది" అని హిందీలో వెక్కిరించేవారు. ఆయన పట్టించుకోలేదు. నాకు మాత్రం సిగ్గేసేది.

ఇక అసలు సంగతికొస్తాను. విజయనగరం వైపు లైనులో ఒక చిన్న స్టేషనులో, ఒకరోజు ఉదయం ఎనిమిదిన్నర ప్రాంతంలో గూడ్సు బండి పెట్టె ఒకటి పట్టా తప్పింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. పట్టాలు మారే చోట పాయింటు సరిగ్గా పడకుండానే బండిని రానిచ్చారు, అదే తప్పు. ఆ పాయింటుకి తాళం ఉంటుంది, ఆ తాళంచెవి డ్యూటీలో ఉన్న పాయింట్స్‌మన్ దగ్గరే ఉండాలి. అంతకుముందు దాకా డ్యూటీలో ఉన్నవాడు సూరన్న, మావైపు వాడే, పాలకొండ దగ్గర పల్లె. పదిహేడేళ్ళ సర్వీసు. నలుగురు పిల్లలు. ఎనిమిదింటికి అతని దగ్గర డ్యూటీ తీసుకోవలసిన రెండో మనిషి ఒకడున్నాడు. అతని పేరు చెప్పను, పిల్లలూ మనవలూ ఇప్పటికీ ఈ ఊళ్ళోనే ఉన్నారు. అతను భయపడిపోయి, "నేను ఎనిమిదిన్నరకి వచ్చాను, వచ్చేసరికి తాళంచెవి మేకుకి వేలాడుతోంది, సూరన్న లేడు" అని చెప్పేశాడు.

సూరన్న వాంగ్మూలం రాసుకునే పని నాకు పడింది. తెలుగు తెలిసినవాణ్ణి, ఇంగ్లీషు బాగా వచ్చినవాణ్ణి అని బడేబాబే నన్ను కూర్చోబెట్టారు. సూరన్న తలపాగా తీసి చేతిలో నలుపుతూ చెప్పాడు. "ఎనిమిది కొట్టీసరికి ఆడొచ్చినాడు బాబూ. తాళంచెవి ఆడికొగ్గేసినాను. డూటీ ఒగ్గేసి ఇంటికెల్లిపోనాను. నానేటి తప్పు సెయ్యనేదు బాబూ." నేను ముందు తెలుగులో పెన్సిలుతో చిత్తు రాసుకుని, తర్వాత ఇంగ్లీషు చేశాను. ఒగ్గేయడమంటే వదలడం, వదలడమంటే లీవ్, అయిపోయింది. రెండుచోట్లా 'లెఫ్ట్' పెట్టాను. 'ఆడికి' అన్నచోట మాత్రం పెన్ను ఆగింది. లెఫ్ట్ టు హిమ్మా, లెఫ్ట్ విత్ హిమ్మా, లెఫ్ట్ ఫర్ హిమ్మా? బడేబాబు పదడుగుల దూరంలో కూర్చుని ఉన్నారు. లేచి అడిగితే సరిపోయేది. బడికల్లా ఎక్కువ మార్కులు తెచ్చుకున్నవాణ్ణి, సూరన్న ముందు లేచి వెళ్ళి అంత చిన్నముక్క అడగడమా? అడగలేదు. ఆ ముక్కే తీసేశాను. 'ఎనిమిదింటికి తాళంచెవి లెఫ్ట్ చేశాను, డ్యూటీ లెఫ్ట్ చేసి ఇంటికి వెళ్ళాను' అన్నట్టు శుభ్రంగా గుండ్రటి అక్షరాల్లో రాసి, సూరన్న చేత వేలిముద్ర వేయించాను. ఆ రోజు పనెక్కువ. బడేబాబు, "నారాయణ రాసిందే కదా" అని నా మీద నమ్మకంతో కింద పొడి సంతకం గీసేశారు. కాగితం పైకి వెళ్ళిపోయింది.

మూడు వారాలకి సూరన్న మీద అభియోగ పత్రం వచ్చింది. డ్యూటీని విడిచి వెళ్ళినట్టు, తాళంచెవిని గాలికి వదిలినట్టు తానే స్వయంగా ఒప్పుకున్నాడు కనుక ఉద్యోగం నుంచి ఎందుకు తొలగించకూడదో చెప్పమని. సూరన్న ఆ కాగితం పట్టుకుని వచ్చాడు. వెంట అతని భార్య, చంకలో ఆఖరి పిల్ల. "ఓలమ్మో, రైలోలిచ్చిన ఇల్లు కూడా కాళీ సెయ్యాలంట బాబూ, పిల్లల్ని అట్టుకుని నానెక్కడికెల్లాల?" అని ఆవిడ గుమ్మంలోనే కూలబడింది. సూరన్న మాత్రం ఏడవలేదు. నావంకే చూస్తూ, "నానలగనేదు బాబూ. మీరు రాసుకున్నారు కదా, నానేటన్నానో మీకు తెలుసు కదా" అన్నాడు. ఇప్పటికీ ఆ చూపు తలుచుకుంటే నాకు అన్నం సహించదు.

బడేబాబు నా దగ్గరున్న నకలు తెప్పించుకుని నిలబడే చదివారు. "చిత్తు ఏదీ?" అన్నారు. పెన్సిలు కాగితం ఇచ్చాను. రెండూ పక్కపక్కన పెట్టి చూశారు. 'ఆడికి' అన్నచోట ఆయన వేలు ఆగింది.

"ఇదేటయిందిరా?"

నేను సిరాబుడ్డి మూత తీసి మళ్ళీ పెట్టాను.

"నిన్నే! ఈ 'ఆడికి' ఏటయింది?"

"ఏ ముక్క పెట్టాలో తెలీలేదు సార్. అందుకని..."

"అందుకని తీసీసేవా? నన్నడగడానికి నీకు నోరు పోయిందా? నీ ఇంగ్లీషు మంటెట్టా! తెలీకపోతే తప్పు కాదురా. తెలీదని తెలిసీ దాచేవు చూడు, అదీ తప్పు!" ఆయన కేకలెయ్యడం ఆఫీసులో ఎవరూ అంతకుముందు వినలేదు. వెక్కిరించే వాళ్ళందరూ కలాలు కింద పెట్టేశారు. "ఛోడ్ దియా అంటే సరిపోతుందనుకున్నావు. ఆడికి ఒగ్గేడు అంటే ఆడి చేతిలో పెట్టేడు. డూటీ ఒగ్గేడు అంటే ఆడి డూటీ అయిపోయింది, దిగేడు. మన ఊళ్ళో గొడ్లుకాసేవాడికి కూడా తెలుసు ఆ తేడా. నీ లెఫ్టుతో ఒకణ్ణి పారిపోయినవాణ్ణి చేసి కూర్చోబెట్టేవు."

విచారణ ఎల్లుండే. పెద్దాఫీసు నుంచి ఒక ఆఫీసరు వస్తున్నారు. నా పరీక్షాకాలం ఇంకా నెల్లాళ్ళుంది. తప్పు నాదని తేలితే నన్ను ఇంటికి పంపేస్తారు, మా నాన్న మందులకి నా జీతం తప్ప ఇంకో ఆధారం లేదు. సాయంత్రం ఆఫీసు ఖాళీ అయ్యాక ఆయన దగ్గరికి వెళ్ళి, "సార్, మీరు చెప్తే వింటారు. నేను చెప్తే నా ఉద్యోగం పోతుంది" అన్నాను. ఆయన కోపం అప్పటికి దిగింది. బల్ల మీది కాగితాలు సర్ది పక్కన పెట్టారు.

"నేను చెప్తే, హెడ్‌క్లర్కు తన ఊరివాణ్ణి కాపాడుకుంటున్నాడంటారు. కాగితం మీద చెయ్యి నీది. నువ్వు చెప్తేనే నమ్ముతారు. పోతే పోతుంది ఉద్యోగం, పోకపోవచ్చు కూడా. ఆడిది మాత్రం తప్పకుండా పోతుంది." నావైపు తిరిగి, "భయమేస్తోందా?" అన్నారు. వేస్తోందన్నాను. "నాకూ వేస్తోంది నాయనా" అన్నారు. ఆయనకెందుకు భయమో నాకు అప్పుడు అర్థం కాలేదు.

విచారణ రోజు గది గుమ్మానికి వట్టివేళ్ళ తడిక కట్టి, బుధ్‌రామ్ దానిమీద నీళ్ళు చల్లుతున్నాడు. ఆఫీసరు సన్నగా, పొడుగ్గా, మాట తక్కువ మనిషి. సూరన్నని నిలబెట్టి వాంగ్మూలం చదివారు. చదివి, తానే ఒప్పుకున్నాక ఇంక అడగడానికేముంది అన్నట్టు కాగితం మూయబోయారు. లేచి నిలబడ్డాను. "సాబ్, వహ్ గల్తీ మేరీ హై", ఆ తప్పు నాదే అన్నాను. ఆయన తలెత్తారు. అంతే, ఇక ఆగలేదు. ఒగ్గేయడమంటే ఏమిటో, 'ఆడికి' అన్నది ఎలా పోయిందో, ఎందుకు పోయిందో, ఆఖరికి అడగడానికి నామోషీ పడ్డానన్న మాటతో సహా అన్నీ చెప్పేశాను. నా చిత్తుకాగితం బల్ల మీద పెట్టాను.

ఆఫీసరు నన్ను ఎగాదిగా చూశారు. "దీన్ని తనిఖీ చేసింది ఎవరు?" అన్నారు. అప్పుడు బడేబాబు లేచారు. చెవికి చుట్టిన దారం సర్దుకుని, "నేనే సార్. కింద సంతకం నాదే. చదవకుండా పెట్టాను. కుర్రాడిది చిన్న తప్పు, నాది పెద్దది. నాకు లెఫ్ట్ అంటే ఏమిటో బాగా తెలుసు" అన్నారు. ఆయన భయమేమిటో అప్పుడు తెలిసింది. రెండేళ్ళలో రిటైరు కావలసిన మనిషి, ఒక్క మచ్చ లేని సర్వీసు. ఊరుకుంటే ఊరుకోవచ్చు, ఆ పొడి సంతకాన్ని ఎవరూ పట్టించుకునేవారు కాదు. నా గుండె ఉప్పొంగింది. ఆ పొట్టి మనిషి పక్కన నిలబడినందుకు నాకు అంత గర్వం వేసింది. మళ్ళీ అంత గర్వం నా పెళ్ళిలో వెయ్యలేదు, కొడుకు పుట్టినప్పుడు వెయ్యలేదు. నిజంగా చెబుతున్నాను.

ఆఫీసరు ఆ స్టేషను హాజరు రిజిస్టరు తెప్పించమన్నారు. నిందితుడే ఒప్పుకున్నాడని అంతవరకూ దాన్ని ఎవరూ తెరిచి చూడలేదు. సాయంత్రం బండిలో రిజిస్టరు వచ్చింది. రెండో మనిషి ఎనిమిదింటికే వచ్చి సంతకం పెట్టాడు. అతన్ని పిలిచి చూపిస్తే తల దించుకుని, తాళంచెవి తీసుకుని టీకి వెళ్ళానని ఒప్పుకున్నాడు. సూరన్న వాంగ్మూలం మళ్ళీ రాయమన్నారు. ఈసారి బడేబాబు ఇంగ్లీషు రాయించాక, "ఇప్పుడు దీన్ని ఆడి మాటలోకి మార్చి ఆడికే చదివి వినిపించు" అన్నారు. నేను ఒక్కో వాక్యం శ్రీకాకుళం మాటలో తిప్పి చెప్పాను. ఎనిమిదికి ఆడొచ్చినాడు. తాళంచెవి ఆడి సేతిలో ఎట్టినాను. నా డూటీ అయిపోతే దిగి ఇంటికెల్లినాను. సూరన్న తల ఊపుతూ విన్నాడు. "ఇది నా మాటే బాబూ" అన్నాడు. అప్పుడు వేలిముద్ర వేశాడు. గుమ్మం బయట అతని భార్య చంటిపిల్లని భుజానేసుకుని, వచ్చేపోయేవాళ్ళందరికీ దణ్ణాలు పెట్టేస్తోంది, బుధ్‌రామ్‌తో సహా.

సూరన్న ఉద్యోగం నిలిచింది. నాదీ నిలిచింది. పది రోజులకి మా ఇద్దరికీ కలిపి ఒక వార్నింగు ఉత్తరం వచ్చింది, బడేబాబు పేరు పైన, నా పేరు కింద. ముఖ్యమైన మాటలు 'లెఫ్ట్ ఔట్' చేసినందుకు అని ఉంది అందులో. బడేబాబు దాన్ని రెండుసార్లు చదివి, "చూశావా, వీళ్ళు గార్డుని ఎక్కించే పంపేరు బండిని" అని నవ్వారు. ఆ నవ్వులో ఏ మూలో నొప్పి ఉండే ఉంటుంది. నాకు కనపడనివ్వలేదు.

రెండేళ్ళకి ఆయన రిటైరై విజయనగరం వెళ్ళిపోయారు. తర్వాత కొన్నాళ్ళకే పోయారని తెలిసింది. నేను ముప్పై ఎనిమిదేళ్ళు పనిచేశాను, ఆఖరికి ఆయన కుర్చీలోనే కూర్చున్నాను. వందలకొద్దీ వాంగ్మూలాలు రాశాను. ప్రతి మనిషికీ అతని మాటలోనే చదివి వినిపించాను. తెలుగు వాడైతే తెలుగులో, ఛత్తీస్‌గఢీ వాడైతే వచ్చీరాని ఛత్తీస్‌గఢీలో. "ఇది నా మాటే" అనేదాకా పెన్ను చేతికివ్వలేదు. టైము దండగని కొత్త కుర్రాళ్ళు విసుక్కునేవారు. తెలియని ముక్క ఎదురైతే ఆ కుర్రాళ్ళనే అడిగేవాణ్ణి, సిగ్గు పడకుండా.

నేను రిటైరయ్యేటప్పుడు అప్పటి ఆఫీసరు నా సర్వీసు కాగితాలు తిరగేసి, "ఇన్నేళ్ళలో ఈ ఒక్క వార్నింగే ఉందండీ. ఎప్పటిదో పాతది. కావాలంటే తీయించేస్తాను, కాగితాలు శుభ్రంగా ఉంటాయి" అన్నారు, పాపం మంచి మనసుతోనే. వద్దన్నాను. ఆయనకి ఆశ్చర్యమేసింది. మా బడేబాబు పేరూ నా పేరూ ఒకే కాగితం మీద ఉన్నది అదొక్కటే, ఉండనివ్వండి అన్నాను.